కన్యాశుల్కం: నాటకం, చిత్రం, మన నవ్వు

ఉగాది సభలో పంచాంగశ్రవణం ముగిసి, పులిహోర పొట్లాలు పంచటం పూర్తయిన తరువాత, గిరీశం చుట్ట వెలిగించుకొంటూ వెంకటేశంతో సహా వేదికమీదికి రావటం మన సంఘంలో ఎన్నో ఏండ్లుగా వస్తున్న మర్యాద. ఆ ఘట్టం చూడని సభ్యుడు లేడు. అందులోని మాటలు నోటికి రాని పెద్దవారు లేరు. కిందటి ఏడు కార్యవర్గంలో కొందరం కూడి, ఎప్పుడూ ఆ ముక్కే ఎందుకు, కొత్తగా ఇంకొక ఘట్టం వేద్దామని తలపెట్టాము. అగ్నిహోత్రావధాన్లు తన రెండవ కూతురు సుబ్బిని లుబ్ధావధాన్లకు పద్ధెనిమిది వందల రూపాయలకు కుదిర్చానని ఇంట్లో చెప్పేచోటును ఎత్తివ్రాసుకొన్నాము. సుబ్బి వేషానికి మన సభ్యులొకరి అమ్మాయి, తొమ్మిదేండ్ల పిల్ల, ఒప్పుకొన్నది.

మేము వ్రాసుకొన్న ఘట్టంలో ఆ పాత్రకు ఒక్క మాటా లేదు. పట్టుపరికిణీ కట్టుకొని తల్లి పక్కన కూర్చుంటే చాలునన్నాము. రెండు రోజుల రిహార్సలు ఓపికగా చూసి మూడవనాడు ఆ పిల్ల మమ్ములను అడిగింది: "మామయ్యా, పద్ధెనిమిది వందలంటే ఇప్పుడు ఎంత?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాము. నవ్వి ఊరుకొన్నాము. ఆ రాత్రి ఇంటికి పోయి పుస్తకాలు తిరగవేసి లెక్క కట్టాము. గురజాడ అప్పారావుగారు 1884లో విజయనగరంలో ఉపాధ్యాయుడుగా చేరినప్పుడు వారి జీతం నెలకు 25 రూపాయలు. పద్ధెనిమిది వందలంటే డెబ్బదిరెండు నెలల జీతం. అనగా చదువుకొన్న ఒక ఉద్యోగస్థుడు ఆరేండ్లపాటు కాణీ ఖర్చు పెట్టకుండా దాచితే సుబ్బిని కొనగలడు. నాటకం చదువుతున్నప్పుడుగాని, బొమ్మ చూస్తున్నప్పుడుగాని ఈ లెక్క మాకు ఏనాడూ తట్టలేదు. అగ్నిహోత్రావధాన్ల కోపం, కరటకశాస్త్రి ఎకసక్కెం, ఇంతవరకే మా దృష్టి. ఈ వ్యాసం ఆ పిల్ల అడిగిన ప్రశ్న మూలంగా వ్రాస్తున్నదే.

కన్యాశుల్కం 1892లో మొదటిసారిగా విజయనగరంలో ప్రదర్శింపబడ్డది. పుస్తకంగా 1897లో వెలువడ్డది. మనం ఇప్పుడు చదివే ఏడంకాల నాటకం 1909లో వచ్చిన రెండవ కూర్పు. మొదటిది అయిదంకాలది, చిన్నది. దానిని బంగోరెగారు 1969లో వెలికి తీసి అచ్చువేసేవరకు చాలామందికి అది ఎట్లా ఉండేదో తెలియదు. మొదటి కూర్పుకు అప్పారావుగారు ఇంగ్లీషులో ఒక పీఠిక వ్రాశారు. నాటకాన్ని అభిమానించేవారిలో కూడా ఆ పీఠికను ఓపికగా చదివినవారు తక్కువ. నవ్వించే పుస్తకానికి ముందు అంత ఏడిపించే పుట ఒకటి ఉన్నదని మేము కూడా చాలా కాలం ఎరుగము.

ఆ పీఠికలో చెప్పిన సంగతి ఇది. విజయనగరం మహారాజు ఆనంద గజపతిగారు విశాఖపట్టణం జిల్లాలో మూడేండ్లలో బ్రాహ్మణ కుటుంబాలలో జరిగిన శుల్క వివాహాల జాబితా ఒకటి తయారు చేయించారు. లెక్కకు వచ్చినవి 1034. అంటే ఏడాదికి సుమారు 344. పెండ్లి అయిన ఆడపిల్లలలో అయిదేండ్లవారు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు ఆరుగురు, ఏడాది నిండిన పసికందులు ముగ్గురు. ఈ చివరి ముగ్గురికీ వెల తలకు 350 నుంచి 400 రూపాయలదాకా పలికింది. కడుపులో ఉన్న బిడ్డకు సయితం బేరం కుదుర్చుకోవటం కద్దని కూడా వ్రాశారు. పైగా ఈ జాబితా పూర్తిది కాదు. సొమ్ము పుచ్చుకొన్నవాడు పుచ్చుకొన్నానని ఒప్పుకోడు గదా.

రిజిస్టర్లు నింపి కూడికలు సరిచూసుకోవటమే జీవనోపాధిగా గల మాకు ఈ అంకెలమీదినుంచి చూపు తిప్పుకోవటం కష్టమైనది. రైలు పార్సెలు ఆఫీసులో బరువు, దూరం, కిరాయి అని గడులు ఉంటాయి. ఏ గడిలో ఏమి వ్రాయాలో వేలికి అలవాటై, మనస్సు ఎక్కడో ఉన్నా చెయ్యి వ్రాసుకొంటూ పోతుంది. ఆ జాబితా వ్రాసిన గుమాస్తా ఎవరోగాని "వయస్సు: ఒకటి" అని వ్రాసేటప్పుడు అతని చెయ్యి ఆగినదా, ఆగలేదా అని మేము చాలాసేపు ఆలోచించాము. అయిదేండ్లు, అంతకు లోపువారిని కూడితే 188 మంది. 1034లో 188 అంటే ప్రతి అయిదారు పెండ్లికూతుళ్లలో ఒకతె అక్షరాభ్యాసం ఈడు పిల్ల. ఏడాది బిడ్డ వెల అప్పారావుగారి తొలి జీతంతో లెక్కిస్తే పధ్నాలుగు పదహారు నెలల సంపాదన.

కొన్నవాడు ముసలివాడైతే ఆ పిల్ల యౌవనం వచ్చేసరికి, ఒక్కొక్కప్పుడు అంతకు ముందే, వితంతువు. తల గొరిగించుకొని పుట్టింట్లో ఒక మూల కూర్చోవలసిందే. అందుచేత కన్యాశుల్కమూ, బాల్యవైధవ్యమూ, వేశ్యావృత్తీ మూడు వేరువేరు దురాచారాలుగా మనకు పాఠాలలో చెప్పినా, అప్పారావుగారు వాటిని ఒకే ఇంటిలోని మూడు గదులుగా చూపారు. కృష్ణరాయపురం అగ్రహారంలో ఇద్దరక్కచెల్లెళ్లు: బుచ్చమ్మ అమ్ముడుపోయి వితంతువై తిరిగివచ్చింది, సుబ్బి అమ్మకానికి సిద్ధంగా ఉన్నది. రామచంద్రపురం అగ్రహారంలో కొనబోయే ముసలాయన ఇంటిలోనే మీనాక్షి ఉన్నది. ఆయన సొంత కూతురు, వితంతువు, రామప్పపంతులు చేతిలో చెడిన మనిషి. ఆమె ఎదుటనే తండ్రి ఇంకొక సుబ్బిని ఇంటికి తెచ్చుకోబోతాడు. ఇంత దారుణం గల కథను నవ్వుతూ చెప్పటం సామాన్యమైన పని కాదు.

ఇది ఒక్క ఉత్తరాంధ్రపు అగ్రహారాల పాపమని మన కర్ణాటకవాసులు అనుకోవద్దు. కన్యాశుల్కం ఆడటానికి అయిదేండ్ల ముందే, 1887లో, సూరి వేంకటరమణశాస్త్రిగారు కన్నడంలో 'ఇగ్గప్ప హెగ్గడెయ వివాహ ప్రహసన' అనే నాటకం వెలువరించారు. దానికి ఉన్న రెండవ పేరులోనే కన్యావిక్రయం అనే మాట ఉన్నది. కన్నడంలో తొలి సాంఘిక నాటకాలలో దానిని లెక్కిస్తారు. ఉత్తర కన్నడం జిల్లా ఎక్కడ, విజయనగరం ఎక్కడ! ఒకరి పేరు ఒకరు వినికూడా ఉండరేమో. ఇద్దరూ ఇంటింటా చూస్తున్న దానినే వ్రాశారు, ఇద్దరూ ప్రహసనమే ఎంచుకొన్నారు.

ఇక మన బెంగుళూరు సంగతి. ఆనంద గజపతిగారు మద్రాసు శాసనసభలో కన్యాశుల్కాన్ని అరికట్టటానికి ఒక బిల్లు తలపెట్టారుగాని అది చట్టం కాలేదు. ఇంగ్లీషు ప్రభుత్వంవారు 1891లో సమ్మతి వయస్సు చట్టం చేసి పదేండ్లను పన్నెండేండ్లుగా మార్చటానికే దేశమంతటా పెద్ద గొడవ నడిచింది. అటువంటి రోజులలో మైసూరు సంస్థానం ఒక అడుగు ముందుకు వేసింది. చామరాజేంద్ర ఒడయరుగారి కాలంలో, శేషాద్రి అయ్యరుగారు దివానుగా ఉండగా, ప్రజాప్రతినిధి సభలో వాదోపవాదాలు జరిగిన తరువాత 1894లో బాల్యవివాహ నిరోధక శాసనం చేశారు. ఎనిమిదేండ్లలోపు ఆడపిల్లకు పెండ్లి చేయటం నేరం. ఏబది ఏండ్లు దాటిన పురుషుడు పధ్నాలుగేండ్లలోపు పిల్లను చేసుకోవటం నేరం.

ఎనిమిదేండ్లు అనేసరికి ఈనాటి పాఠకులకు నవ్వు వస్తుంది. కాని ఆ రెండవ నిబంధనను ఇంకొకసారి చదవండి. అది సాక్షాత్తు లుబ్ధావధాన్ల పేర వ్రాసినట్లే ఉన్నది. విజయనగరంలో నాటకం ఆడిన రెండేండ్లకు, ఆ నాటకంతో ఏ సంబంధమూ లేకుండా, మైసూరువారు ఆ ముసలి పెండ్లికొడుకును చట్టంలోకి ఎక్కించారు. లుబ్ధావధాన్లు మన చిక్కబళ్లాపురంలోనో కోలారులోనో ఉండి ఉంటే కరటకశాస్త్రికి తన శిష్యుడికి చీర కట్టవలసిన అవసరమే ఉండకపోను అని మేము ఒకసారి కార్యవర్గంలో అన్నాము. ఒక పెద్దాయన వెంటనే, "చట్టముంటే ఏమయ్యా, ముహూర్తం సరిహద్దు దాటి సేలంలో పెట్టుకొందురు" అన్నారు. ఆ మాటకూ కాదనలేము.

నాటకంలోని అసలు ముల్లు ఎక్కడున్నదో ఇప్పుడు చెప్పాలి. ముసలివాడిని, అత్యాశగల తండ్రిని ఎగతాళి చేయటం ఎవరైనా చేయగలరు. అప్పారావుగారు గిరీశాన్ని సృష్టించారు. వీరేశలింగంపంతులుగారు 1881లో రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించి ఎన్ని నిందలు పడ్డారో తెలుగువారందరూ ఎరుగుదురు. ఆ ఉద్యమం కోసం ప్రాణం పెట్టినవారు వాడిన మాటలనే గిరీశం వాడుతాడు. విధవా వివాహం గూర్చి లెక్చర్లు ఇస్తాడు. పూటకూళ్లమ్మ డబ్బు కాజేస్తాడు, ఆ లెక్చర్లతోనే లోకమెరుగని బుచ్చమ్మ మనస్సు లాగుతాడు. ఆమెకు అక్షరం రాదు. తమ్ముడికి ఇంగ్లీషు చెప్పే పెద్దమనిషి చెప్పినది నిజమని నమ్మింది. తండ్రి ఆమెను డబ్బుకోసం ముసలివాడికి అమ్మితే, ఈ యువకుడు ఆదర్శం పేరు చెప్పి ఆమెను లేవదీసుకొని పోయాడు. బుచ్చమ్మ అమాయకత్వం రెండుసార్లు దోపిడీ అయింది. రెండవ దోపిడీని మనం వన్నెగా చూస్తాము.

సంస్కర్తల పక్షాననే నిలబడి సంస్కర్త వేషం వేసుకొన్న దొంగను అంత నిర్దాక్షిణ్యంగా చూపగల గుండె అప్పారావుగారికి ఉండటం చేతనే ఆ నాటకం ఇన్నేండ్లు నిలిచిందని మా నమ్మకం. సౌజన్యారావుపంతులు మంచివాడే; అయినా వేశ్య ముఖం చూడననే ఆయన వ్రతాన్ని కూడా రచయిత ఉపేక్షించలేదు. మగవేషంతో వచ్చిన మధురవాణి ఆయన ఎదుట కూర్చుండి మాట్లాడిన మాటలకు ఆయన దగ్గర సరియైన జవాబు లేదు. చివరకు ఆమెను తాకకుండానే, ఒక భగవద్గీత చేతికిచ్చి పంపుతాడు.

వేశ్యను నాయిక చేశారని ఆ రోజులలో ఆక్షేపించినవారున్నారు. మొదటి కూర్పుకన్నా రెండవ కూర్పులో మధురవాణి ఎంతో పెరిగింది. 1909లో ఆ కూర్పు వచ్చిన ఏడాదే మైసూరు ప్రభుత్వం తమ ముజరాయి దేవాలయాలలో దేవదాసీల సేవను నిలిపివేసింది. ఆ మరుసటి ఏడు, 1910లో, మన ఊరి పేరునే ఇంటిపేరుగా మోసిన బెంగుళూరు నాగరత్నమ్మగారు ముద్దుపళని వ్రాసిన రాధికాసాంత్వనాన్ని పరిష్కరించి ప్రకటించారు. ఆ కావ్యాన్ని వీరేశలింగంపంతులుగారు లోగడ నిందించి ఉన్నారు. మగకవులు వ్రాస్తే శృంగారం, ఆడది వ్రాస్తే సిగ్గుమాలినతనమా అని నాగరత్నమ్మగారు తమ పీఠికలో నిలదీశారు. 1911లో ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. 1947లోగాని నిషేధం ఎత్తివేయలేదు. మధురవాణి నాటకంలో అడిగిన ప్రశ్నను బెంగుళూరు నాగరత్నమ్మగారు నిజంగా అడిగారు. నాటకానికి చప్పట్లు వచ్చాయి, ఆమె పుస్తకం ముప్పదియారేండ్లు తాళం వేసిన బీరువాలో ఉన్నది. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించిన పుణ్యాత్మురాలుగా ఆమెను మన సంగీతసభలలో ఏటా తలచుకొంటాము, మంచిదే. ఈ సంగతి కూడా తలచుకొంటే ఇంకా బాగుంటుంది.

ఇప్పుడు చిత్రం. వినోదా పిక్చర్సు వారు, అనగా 1953లో దేవదాసు తీసిన డి.ఎల్. నారాయణగారు, పి. పుల్లయ్యగారి దర్శకత్వంలో కన్యాశుల్కాన్ని 1955లో విడుదల చేశారు. సంగీతం ఘంటసాల. గిరీశంగా ఎన్.టి. రామారావు, మధురవాణిగా సావిత్రి, బుచ్చమ్మగా షావుకారు జానకి, రామప్పపంతులుగా సి.ఎస్.ఆర్., లుబ్ధావధాన్లుగా గోవిందరాజుల సుబ్బారావు, అగ్నిహోత్రావధాన్లుగా విన్నకోట రామన్నపంతులు. ఇటువంటి తారాబలం ఒకే బొమ్మలో మళ్లీ దొరకటం అరుదు. అదే ఏడు మొదట్లో మిస్సమ్మలో రామారావునూ సావిత్రినీ ముచ్చటగా చూసి వచ్చిన ప్రేక్షకులు ఎనిమిది నెలలు తిరగకుండానే ఒకరిని వంచకుడుగా, ఒకరిని వేశ్యగా చూడవలసి వచ్చింది. నిర్మాతలకు ఉన్న ధైర్యం ఈనాడు తలచుకొన్నా ఆశ్చర్యమే.

ఆరేడు గంటలు ఆడవలసిన నాటకాన్ని బొమ్మకు కుదించటంలో పోయినవి ఉన్నాయి. వాటి జాబితా వ్రాస్తూ కూర్చోవటం మా ఉద్దేశం కాదు. ఆ పని పండితులు చేశారు. వచ్చినది కూడా ఉన్నదని మా మనవి. నాటకశాలలో వెనుక వరుసలో కూర్చున్నవాడికి మాటలు వినిపిస్తాయిగాని ముఖాలు కనిపించవు. పైగా చాలా కాలం ఆ ఆడవేషాలు మగవారు వేసినవే. తెరమీద ముఖం దగ్గరకు వస్తుంది. మాటలన్నీ గిరీశానివైన చోట కూడా, వింటూ ఊరుకొన్న బుచ్చమ్మ ముఖం మన ఎదుట ఉంటుంది. జానకిగారు ఆ వేషంలో నటించినట్లు కనబడదు, నమ్మినట్లు కనబడుతుంది. మేము ఆ బొమ్మ మొదటిసారి చూసినప్పుడు పదహారేండ్లవాళ్లం, గిరీశాన్నే చూశాము. మొన్న మళ్లీ చూసినప్పుడు బుచ్చమ్మను చూశాము.

ఇక్కడే ఒక చిక్కున్నది. రామారావుగారి వంటి అందగాడు గిరీశమైతే ప్రేక్షకుడు ఎవరి పక్షం? ఆయన నవ్వితే మనమూ నవ్వుతాము, ఆయన తప్పించుకొంటే మనకు హాయిగా ఉంటుంది. నాటకంలో కూడా గిరీశానికి ఈ ఆకర్షణ ఉన్నమాట నిజమే, కాని అక్కడ అతని మాటలు మాత్రమే మనను లాగుతాయి. తెరమీద మాటకు రూపం తోడైనది. వ్యంగ్యం గురి తప్పిందని మేము అనము. గురి పెట్టినవాడు బాగానే పెట్టాడు. గిరీశం ఆ బాణాన్ని అందుకొని తలపాగాలో పూవుగా తురుముకొన్నాడు, మనం చప్పట్లు కొట్టాము. ఈ దేశంలో ఏ తెలుగు సంఘం వార్షికోత్సవానికి పోయినా గిరీశం కనిపిస్తాడు. బుచ్చమ్మ కనిపించదు. సుబ్బి సంగతి చెప్పనే అక్కరలేదు. విజయనగరంలో సోమయాజులు, రమణమూర్తి సోదరులు ఏండ్ల తరబడి నాటకాన్ని శ్రద్ధగా ఆడి దాని గౌరవం నిలిపారు; మన సంఘాలవారం మాత్రం అందులోంచి చుట్టపొగ ఒక్కటి ఏరి తెచ్చుకొన్నాము.

నవ్వును గూర్చి మాకు ఇంత పట్టింపు ఎందుకంటే, మా ఇంటిలో జరిగిన ఒక సంగతి చెప్పాలి. 1929లో శారదా చట్టం వచ్చింది. ఆడపిల్లకు పధ్నాలుగు, మగపిల్లవాడికి పద్ధెనిమిది నిండనిదే పెండ్లి కూడదన్నారు. 1930 ఏప్రిలు మొదటి తేదీనుంచి అమలు. ఈలోగా కానిచ్చివేయాలని దేశమంతటా పెండ్లిళ్ల తొందర పుట్టింది. మా తాతమ్మ పెండ్లి ఆ తొందరలోదే. ఆమెకు అప్పుడు ఏడేండ్లు. ఊళ్లో ఒక్క రాత్రి ఒకే పందిరికింద మూడు పెండ్లిళ్లు జరిగాయట. తలంబ్రాల వేళకు తాతమ్మ నిద్రపోయింది. ఎవరో ఎత్తుకొని కూర్చోబెట్టి, చేతులు పట్టి తలంబ్రాలు పోయించారు. మధ్యలో మెలకువ వచ్చి, ఎదుట ఉన్న పిల్లవాడిని చూసి "వీడెవడే అమ్మా" అన్నదట. పందిరంతా ఘొల్లుమన్నదట.

ఈ కథ తాతమ్మ మాకు పండుగలన్నిటికీ చెప్పేది. "వీడెవడే అమ్మా" అన్నచోట ఆమే ముందు నవ్వేది, మేమంతా నవ్వేవాళ్లం. ఒక్కసారి, మా మేనత్త పెండ్లిచూపుల నాడు, అదే కథ చెప్పి నవ్వుతూ నవ్వుతూ ఆగి, "నాకు ఆ రాత్రి ఒంటికి వెళ్లాలని ఉన్నది, ఎవరికి చెప్పాలో తెలియలేదు" అన్నది. ఎవరూ ఏమీ అనలేదు. కాఫీలు తెచ్చే వేళయింది, లేచారు. తాతమ్మను ఎవరూ అమ్మలేదు, శుల్కం పుచ్చుకోలేదు, తాతయ్య ఆమెకన్న అయిదేండ్లే పెద్ద. ఆమె అదృష్టవంతురాలే. అయినా ఆ మాట విన్నప్పటినుంచి ఆ కథకు మాకు నవ్వు రాలేదు.

మన తెలుగుదేశంలో శుల్కం పోయింది, కట్నం వచ్చింది. కాళ్లకూరి నారాయణరావుగారి వరవిక్రయం ఆ మలుపు చూపిన నాటకం, 1939లో సి. పుల్లయ్యగారు దానిని చిత్రంగా తీశారు (కన్యాశుల్కం తీసిన పుల్లయ్యగారు వేరు, చాలామంది పొరబడతారు). భానుమతిగారికి అదే మొదటి బొమ్మ. వెల చెల్లించేవారు మారారుగాని పిల్ల వయస్సు చాలాచోట్ల మారలేదు. 1978లో ఆడపిల్లకు పద్ధెనిమిది అన్నారు. 2006లో కొత్త చట్టం చేశారు. మన కర్ణాటకంవారు 2016లో ఆ చట్టాన్ని సవరించి, బాల్యవివాహం మొదటినుంచీ చెల్లదని వ్రాసుకొన్నారు. చాలా రాష్ట్రాలలో పిల్ల కోర్టుకు పోయి రద్దు చేయించుకోవలసినది ఇక్కడ పుట్టుకతోనే రద్దు. 1894లో ముందడుగు వేసిన గడ్డమీద ఇది జరగటం మాకు సంతోషం కలిగించిన సంగతి.

అయినా 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఇరవై నుంచి ఇరవై నాలుగేండ్ల స్త్రీలలో పద్ధెనిమిది నిండకముందే పెండ్లి అయినవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29.3, తెలంగాణలో 23.5, కర్ణాటకలో 21.3. దేశం మొత్తంమీద 23.3. ఆనంద గజపతిగారి జాబితాకు ఇది మునిమనుమరాలు. దీనిలో ఏడాది పాపలు లేరు, వెలలు లేవు. అంతమాత్రానికి మనం సంతోషించవచ్చును. కాని తెలుగునాడు పేరు దేశం సగటుకన్నా పైన ఉండటం ఒక ఉగాది సంచికలో వ్రాయవలసి రావటం బాధ.

కిందటి ఏటి ప్రదర్శన సంగతికి వస్తాము. అగ్నిహోత్రావధాన్లు వేషం వేసిన మిత్రులు చాలా బాగా చేశారు. పద్ధెనిమిది వందలు అన్న మాటకు సభ నవ్వింది. ఆ నవ్వులో ఆ పిల్ల తలెత్తి సభవైపు చూసింది. ఆ చూపు మేము చెప్పినది కాదు, నేర్పినది కాదు. ముందువరుసలో కూర్చున్న ఆమె తల్లి మాత్రం నవ్వలేదని తరువాత మాకు తెలిసింది. ఆమె కార్యదర్శిగారికి ఏమీ ఫిర్యాదు చేయలేదు. ఈ ఏడు మా అమ్మాయికి పరీక్షలున్నవి, వేషం వద్దు అని మాత్రం కబురు చేశారు.

ఆ లెక్క మేము ఆ పిల్లకు చెప్పాము. ఆరేండ్ల జీతం అన్నాము. కొంచెం ఆలోచించి, "ఆ డబ్బు సుబ్బికి ఇస్తారా?" అన్నది. లేదమ్మా, వాళ్ల నాన్నకు అన్నాము.

ఈ సంవత్సరం ఘట్టాలు వేయటం మానుకొని, 1955 నాటి చిత్రాన్నే పూర్తిగా, ఏ పాటా కోయకుండా, రెండవనాటి సాయంత్రం మన హాలులో వేయాలని కార్యవర్గం నిశ్చయించింది. బొమ్మకు ముందు ఆనంద గజపతిగారి జాబితాలోని అంకెలను పెద్ద అక్షరాలతో వ్రాసి ద్వారం దగ్గర పెట్టాలని మేము సూచించాము. పండుగపూట అవేమిటని ఇద్దరు సభ్యులు ఆక్షేపించారు. వోట్లు తీస్తే అటు అయిదు, ఇటు ఆరు వచ్చాయి. కాబట్టి అంకెలుంటాయి. బొమ్మ పొడుగైనది గనుక భోజనాలు ముందే ఏడు గంటలకు వడ్డిస్తారు. పిల్లలను కూడా తీసుకొని రండి.